ముందు టైంటేబుల్, తర్వాత పట్టాలు

స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు చూపించే ఫోటోలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మంచుకొండ, మెడలో గంట కట్టిన ఆవు, ఏదో సినిమా పాటలో చూసిన చెరువు గట్టు. ఎలా తిరిగారని అడిగితే, బస్సులో తిప్పారండీ, పొద్దున్న ఏడింటికల్లా హోటల్ కింద ఉండమనేవారు అంటారు. అయ్యో, అసలు చూడాల్సింది చూడకుండానే వచ్చేశారే అనిపిస్తుంది. కొండలు ఎవరూ చేసినవి కావు. ఆ దేశంలో మనుషులు చేసిన వస్తువుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది చేతి గడియారం కాదు, చాక్లెట్ కాదు, రైల్వే టైంటేబుల్. దాన్ని ఒక పనితనంగా చూడటం మొదలుపెడితే యాత్ర ప్లాను వేసుకునే పద్ధతే మారిపోతుంది.

దేశం చిన్నది. దాదాపు 41 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కూడా లేదు. అందులోనే అయిదు వేల కిలోమీటర్లకు పైబడిన రైలు మార్గం ఉంది, దాదాపు మొత్తం కరెంటుతోనే నడుస్తుంది. పెద్ద రైల్వే ప్రభుత్వానిది. దాని పక్కన లోయకొకటి, కొండకొకటి అన్నట్టు చిన్న కంపెనీలు బోలెడు. కొన్ని స్టాండర్డ్ గేజ్, కొన్ని మీటర్ గేజ్, మరీ నిటారు కొండల మీద పట్టాల నడుమ పళ్ళ పట్టా వేసినవి కొన్ని. యజమానులు ఎందరున్నా టైంటేబుల్ ఒక్కటే. జ్యూరిక్‌లో ఎక్కి, మధ్యలో మూడు కంపెనీల రైళ్ళు మారి, చివర పసుపు రంగు పోస్టు బస్సులో పల్లె చేరినా ఒకే టికెట్టు సరిపోతుంది.

సింగిల్ లైన్ మీద ప్రయాణం చేసినవాళ్ళకు క్రాసింగ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఏ ఊరూ కాని చోట బండి ఆగిపోతుంది, చాయ్ కూడా దొరకదు, ఎదుటి బండి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మనకు విసుగు తెప్పించే ఈ క్రాసింగునే స్విస్ ఇంజనీర్లు టైంటేబుల్‌కు పునాదిగా చేసుకున్నారు. రెండు ఊళ్ళ మధ్య అటూ ఇటూ గంటకొక రైలు చొప్పున నడుస్తుంటే, దారిలో ప్రతి రైలూ ఎదుటివాటిని అరగంటకొకసారి దాటుతుంది. ఇది లెక్క, దీన్ని ఎవరూ తప్పించలేరు. అయితే ఆ దాటే చోటు పొలాల మధ్య పడాలా, పెద్ద జంక్షన్‌లో పడాలా అన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది. జంక్షన్‌లో, అదీ సరిగ్గా గంట కొట్టే వేళకు పడేట్టు చేస్తే ఏమవుతుంది? గంటకు రెండు మూడు నిమిషాల ముందు నాలుగు దిక్కుల నుంచీ రైళ్ళు వచ్చి చేరతాయి. జనం ఇందులోంచి అందులోకి మారతారు. గంట దాటిన కొద్ది నిమిషాలకు అన్నీ ఎటువాటివి అటు వెళ్ళిపోతాయి. అరగంటకో గంటకో మళ్ళీ అదే తంతు, రోజంతా.

ఇందులో ఇంకో అందం ఉంది. ఏళ్ళ తరబడి జ్యూరిక్ నుంచి గంట దాటి 2 నిమిషాలకు బయల్దేరే రైలు బెర్న్‌కు 58వ నిమిషంలో చేరేది. బెర్న్ నుంచి 2కు బయల్దేరింది జ్యూరిక్‌కు 58కి చేరేది. వచ్చే నిమిషం, తిరిగి వెళ్ళే నిమిషం కూడితే అరవై. సూత్రంగా చెప్పాలంటే దేశంలో ఏ స్టేషన్‌కైనా ఇదే లెక్క, అద్దంలో చూసినట్టు. వెళ్ళేటప్పుడు లింకు రైలు హాయిగా దొరికితే, వచ్చేటప్పుడు కూడా అంతే హాయిగా దొరుకుతుంది. పొద్దున ఎనిమిదింటికి ఏ నిమిషంలో రైలుందో, మధ్యాహ్నం మూడింటికీ రాత్రి తొమ్మిదింటికీ అదే నిమిషంలో ఉంటుంది. పుస్తకం చూడకుండా ఊరివాళ్ళకు నోటికి వచ్చేస్తుంది.

ఈ ఆలోచన పైనుంచి దిగిందేమీ కాదు. 1970ల మొదట్లో రైల్వేలోని కొందరు కుర్ర ఇంజనీర్లు ఉద్యోగం అయ్యాక కూర్చుని లెక్కలు వేసుకునేవారు. తమ ముఠాకు తామే పెట్టుకున్న పేరు స్పిన్నర్ క్లబ్, అంటే పిచ్చి ఊహల బ్యాచ్ అన్నమాట. వాళ్ళలో సామ్యూల్ ష్టేలి, హాన్స్ మైనర్, జాన్ పియేర్ బెర్తుజో 1972లో తమ పథకాన్ని బయటపెట్టారు. పదేళ్ళకు, 1982 మే 23న, దేశమంతటా గంటకొక రైలు పద్ధతి అమల్లోకి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే డచ్చివాళ్ళు 1970లోనే ఇలాంటిది మొదలుపెట్టారు. కాకపోతే వాళ్ళది బల్లపరుపు నేల. ఇక్కడ లోయలు, కనుమలు, సొరంగాలు.

అసలు పనితనం బయటపడింది ఆ తర్వాత. పోచంపల్లి ఇక్కత్‌లో పూవు ఎక్కడ పడాలో ముందే లెక్కగట్టి నూలుకు రంగు వేస్తారు, నేత దాని వెనక వస్తుంది. రైల్ 2000 పథకమూ అంతే. కొత్త లైను వేసి, దాని మీద ఏ రైళ్ళు నడపాలా అని ఆలోచించడం మామూలుగా ఎవరైనా చేసే పని. వీళ్ళు తిరగేశారు. ముందు కోరుకున్న టైంటేబుల్ రాసుకున్నారు. అందులో ఎక్కడ లెక్క కుదరడం లేదో చూసి, కుదరని చోట మాత్రమే పట్టాలు వేశారు. జ్యూరిక్, బెర్న్, బాసెల్ మూడూ ఒక త్రికోణం. ఏ రెండిటి మధ్యనైనా ప్రయాణం గంటకు కాస్త తక్కువగా ఉంటేనే మూడు చోట్లా రైళ్ళు ఒకే వేళకు కలుస్తాయి. జ్యూరిక్ నుంచి బెర్న్‌కు గంట దాటిపోతోంది. ఆ నిమిషాలు తగ్గించడానికి మాట్‌ష్టెట్టెన్, రోత్రిస్ట్‌ల మధ్య 45 కిలోమీటర్ల కొత్త లైను వేశారు. ఫ్రాన్సులో రైళ్ళు మూడువందల వేగంతో పరుగెడుతున్న రోజులవి. వీళ్ళు రెండువందల దగ్గర ఆగారు. ప్రయాణం 56 నిమిషాలకు వచ్చింది, అంతకన్నా అక్కర్లేదు. ఇంకో పది నిమిషాలు ముందు చేర్చినా ప్రయాణికుడు ప్లాట్‌ఫాం మీద లింకు రైలు కోసం కాచుకోవడమే.

అక్కర్లేని వేగానికి డబ్బు తగలెయ్యకపోవడం నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన విషయం. 1987 డిసెంబరు 6న జనం ఓటు వేసి ఒప్పుకున్న పథకం ఇది. తర్వాత ఖర్చు పెరుగుతుందని తేలితే కొత్త లైన్లు కొన్ని మానేశారు. మెలికల దారుల్లో పక్కకు ఒరుగుతూ వేగంగా మలుపు తిరిగే రైళ్ళతో ఆ నిమిషాలు సంపాదించారు. మొదటి దశకు సుమారు 740 కోట్ల ఫ్రాంకులు అనుకుంటే 590 కోట్లలో పని ముగిసింది. 2004 డిసెంబరు 12 తెల్లవారేసరికి దేశంలో చాలా భాగం టైంటేబుల్ ఒక్క రాత్రిలో మారిపోయింది.

స్టేషన్‌లోకి అడుగుపెడితే ఈ పని అంతా కంటికి ఆనదు. కనబడేది గడియారం. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు గీసిన ముఖం అది. తెల్లటి పళ్ళెం, అంకెలు లేవు, నల్లటి గీతలు, రెండు ముళ్ళు. 1953లో ఎర్రటి సెకన్ల ముల్లు చేర్చారు, కొసన గుండ్రటి బిళ్ళ. రైలుకు రైట్ చెప్పడానికి స్టేషన్ మాస్టరు ఎత్తి చూపించే బిళ్ళ ఆకారమే అది. దాని కింద ఓ నిమిషం నిలబడి చూడండి. ఎర్రముల్లు కాస్త తొందరగా తిరుగుతుంది, 58 సెకన్లు దాటగానే పైకి చేరి ఆగిపోతుంది. సెకనున్నర కదలదు. ఎక్కడో ఉన్న ప్రధాన గడియారం నుంచి నిమిషానికొకసారి కరెంటు సంకేతం వస్తుంది. అది అందగానే నిమిషాల ముల్లు ఒక్క గెంతు గెంతుతుంది, ఎర్రముల్లు మళ్ళీ బయల్దేరుతుంది. ఒక్కో గడియారంలో సెకను అటూ ఇటూ అయినా, నిమిషం మారేది మాత్రం అన్నిటిలోనూ ఒకేసారి. రైళ్ళకు కావలసింది అదే కదా. ఈ ముఖాన్ని ఆపిల్ తన ఐప్యాడ్‌లో వాడుకుంటే, 2012లో రైల్వే ఆ కంపెనీతో లైసెన్సు ఒప్పందం చేయించుకుంది.

గోడ మీద అంటించిన కాగితాలు రెండు రంగులు. పసుపుది బయల్దేరే రైళ్ళది, తెల్లది వచ్చే రైళ్ళది. మీకు కావలసింది పసుపుదే. ప్లాట్‌ఫాం మీద ఏ, బీ, సీ, డీ అని అక్షరాలు వేలాడుతుంటాయి. రైలు రాకముందే ఫస్టు క్లాసు ఏ అక్షరం కింద ఆగుతుందో, భోజనం బోగీ ఎక్కడో, పిల్లల బండ్లు సులువుగా ఎక్కే తలుపు ఎక్కడో తెర మీద బొమ్మగీసి చూపిస్తుంది. బండి ఆగాక పరుగులు అక్కర్లేదు.

మనవాళ్ళు ప్లాను వేసేటప్పుడు బెదిరేది ఇక్కడే. మొబైల్లో దారి వెతికితే మధ్యలో ఏడు నిమిషాల్లో రైలు మారాలని చూపిస్తుంది. ఏడు నిమిషాలా, సామాన్లతోనా, పెద్దవాళ్ళతోనా అని గంట తర్వాతి రైలు పెట్టుకుంటారు. అక్కర్లేదు. ఆ ఏడు నిమిషాలు పొరపాటున మిగిలినవి కావు, మీరు నడవడానికని లెక్కగట్టి ఇచ్చినవి. ఫిస్ప్ స్టేషన్ చూడండి. 2007లో లొట్ష్‌బెర్గ్ కింద 34.6 కిలోమీటర్ల సొరంగం తెరిచాక బెర్న్ నుంచి ఫిస్ప్‌కు గంటలోపు ప్రయాణమైంది. అంటే ఫిస్ప్ కూడా రైళ్ళు కలిసే వేళల్లోకి వచ్చి చేరింది. అందుకు తగ్గట్టు స్టేషన్‌ను తిరగ కట్టారు. పెద్ద రైలు దిగి నాలుగు అడుగులు వేస్తే జెర్మాట్ వెళ్ళే మీటర్ గేజ్ బండి కాచుకుని ఉంటుంది. ఒకవేళ లింకు తప్పినా నెత్తిన చెయ్యి పెట్టుకోనక్కర్లేదు. మామూలు టికెట్టు రైలుకు కాదు, ఆ రోజుకూ ఆ దారికీ. తర్వాతి బండి ఎక్కితే సరి.

ఇక దారుల సంగతి. అన్నీ చెప్పను, మనసు పెట్టి చూడాల్సినదాని దగ్గర ఆగుతాను. తూర్పున ఖూర్ నుంచి ఇటలీ సరిహద్దు దాటి తిరానో దాకా రేషియన్ రైల్వే నడిపే మీటర్ గేజ్ దారి. ఖూర్ పక్కనున్న థూసిస్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా ఆల్బులా లైను, 1903, 1904లలో తెరిచారు. అక్కణ్ణుంచి కిందికి బెర్నీనా లైను, 1910లో పూర్తయింది. రెండిటికీ కలిపి 2008లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది.

ఆల్బులా లైను వేసేనాటికి బండి లాగేది ఆవిరి ఇంజను. మరీ నిటారుగా ఉంటే చక్రం జారుతుంది, అందుకే వాలు వందకు మూడున్నర దాటనివ్వలేదు. పళ్ళ పట్టా పెడితే వేగం పోతుంది. చీఫ్ ఇంజనీరు ఫ్రీడ్రిక్ హెన్నింగ్స్ వాలు పెంచడం మాని దారిని సాగదీశాడు. బెర్గ్యున్ నుంచి ప్రేదాకు ఎత్తు తేడా నాలుగువందల మీటర్ల పైన, సూటిగా చూస్తే దూరం ఆరు కిలోమీటర్ల లోపే. ఆ కాస్త దూరానికి 12 కిలోమీటర్ల లైను వేశాడు. రైలు కొండలోకి దూరుతుంది, లోపలే గుండ్రంగా తిరిగి ఇంకాస్త పైన బయటికొస్తుంది, వంతెన దాటి ఎదుటి కొండలో దూరుతుంది. బెర్గ్యున్ చర్చి గోపురం ఓసారి కుడివైపు కిటికీలో, ఓసారి ఎడమవైపు, ప్రతిసారీ ఇంకాస్త కిందికి. ఎటు పోతున్నామో కాసేపటికి లెక్క తప్పుతుంది.

దానికి ముందు, ఫిలిజూర్ దగ్గర లాండ్‌వాసర్ వంతెన ఉంది. ఫోటోల్లో అందరూ చూసే ఉంటారు. 65 మీటర్ల ఎత్తు, 136 మీటర్ల పొడవు, ఆరు కమాన్లు. వంద మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరుగుతూ వెళ్ళి నిలువు రాతిగోడలోని సొరంగంలోకి నేరుగా దూరిపోతుంది. కట్టిన తీరు ఫోటోలో కనిపించదు. 1901, 1902లలో ఆ లోయలో, వరదొస్తే కొట్టుకుపోయే చోట, పరంజీ కట్టకుండానే స్తంభాలు లేపారు. ప్రతి స్తంభం మధ్యలో ఇనుప గోపురం నిలిపి, దాని నెత్తిన క్రేను పెట్టి రాళ్ళు పైకి లాగారు. గోపురం చుట్టూ రాతికట్టు పెరుగుతూ పోయింది. ఇనుము లోపలే ఉండిపోయింది. వంపు కూడా సోకు కోసం కాదు. వచ్చే దారి, ఎదుటి గోడలో సొరంగానికి అనువైన చోటు, ఈ రెండిటినీ కలిపితే వచ్చిన గీత అది.

బెర్నీనా లైను మొదటినుంచీ కరెంటుది. అందుకే అక్కడ పద్ధతి మారింది. వందకు ఏడు వాలు, అయినా పళ్ళ పట్టా లేదు. 2,253 మీటర్ల ఎత్తున ఓస్పీత్సియో బెర్నీనా దాటి, 40 కిలోమీటర్ల లోపు దూరంలో 429 మీటర్లకు, తిరానోకు దిగుతుంది. మంచులో ఎక్కి ద్రాక్షతోటల్లో దిగుతారు. బ్రూజియో దగ్గర చోటు చాలక, తొమ్మిది కమాన్ల వంతెన మీద ఆరుబయటే గుండ్రంగా తిరిగి, రైలు తన వంతెన కిందనుంచి తానే వెళుతుంది. తిరానోలోకి వచ్చేసరికి రోడ్డు మధ్యలోంచి పోతుంది, కార్లు ఆగి దారిస్తాయి.

ఇక్కడ ఒక సలహా. బెర్నీనా ఎక్స్‌ప్రెస్ అని పైకప్పు దాకా అద్దాలున్న రైలు ఉంది. పాసు ఉన్నా సీటుకు వేరే కట్టాలి, ముందే బుక్ చేసుకోవాలి. కిటికీలు తెరుచుకోవు, ఫోటోలో మీ మొహమే పడుతుంది. అదే పట్టాల మీద గంటకొకటి చొప్పున మామూలు పాసింజర్లు నడుస్తాయి. కొన్ని బోగీల్లో కిటికీ కిందికి దించుకోవచ్చు. నచ్చిన ఊళ్ళో దిగి తర్వాతి దాంట్లో ఎక్కొచ్చు. సెయింట్ మోరిట్జ్‌లో బండి మారాలి, అంతే. నా ఓటు పాసింజరుకే. ఖూర్ నుంచి వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి. తిరానో ఇటలీలో ఉన్నా షెంగెన్ వీసాయే చాలు, పాస్‌పోర్టు మాత్రం జేబులో ఉండాలి.

పడమటి వైపు ఇంకో పనితనం ఉంది, చూస్తే ముచ్చటేస్తుంది. మాంట్రూ నుంచి ఇంటర్‌లాకెన్ దారిలో త్స్వైసిమ్మెన్ దాకా మీటర్ గేజ్, అక్కణ్ణుంచి స్టాండర్డ్ గేజ్. వందేళ్ళకు పైగా అందరూ దిగి మారాల్సిందే. 2022 డిసెంబరు నుంచి గోల్డెన్‌పాస్ ఎక్స్‌ప్రెస్ అటునుంచి ఇటు ఒకే బండిగా వెళుతోంది. త్స్వైసిమ్మెన్‌లో నెమ్మదిగా ఒక ప్రత్యేక పట్టీ మీదుగా నడుస్తూ చక్రాలు ఎడమవుతాయి. ఆ కాసేపు బోగీ బరువు చక్రాల మీద ఉండదు. రెండు లైన్లలో ప్లాట్‌ఫాంల ఎత్తు వేరు కాబట్టి బోగీ కూడా 20 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళ కాఫీ తొణకదు.

ప్లాను వేసేవారికి నేను చెప్పేది, రోజుకో ఊరు పెట్టుకోవద్దు. లుసర్న్, ఇంటర్‌లాకెన్ పక్కనే ష్పీట్స్, ఖూర్, ఈ మూడు మకాములు చాలు. పొద్దున బయల్దేరి ఎంత దూరం పోయినా రాత్రికి తిరిగొచ్చేయొచ్చు, చివరి బండి దాకా అదే నిమిషం. లుసర్న్ నుంచి ఇంటర్‌లాకెన్‌కు బ్రూనిగ్ కనుమ మీదుగా మీటర్ గేజ్‌లో రెండు గంటల్లోపు. దక్షిణాదికి వెళ్ళాలంటే 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల గొత్తార్డ్ సొరంగం ఉంది. ప్రపంచంలోనే పొడవైనది, గొప్పదే, కానీ యాత్రికుడికి అది ఇరవై నిమిషాల చీకటి. 1882 నాటి పాత లైను మీద ఇప్పటికీ త్రెనో గొత్తార్దో రైళ్ళు నడుస్తున్నాయి. వాసెన్ ఊరి చర్చి మూడు ఎత్తుల్లో మూడుసార్లు కనబడుతుంది. యాత్రకు దాన్నే ఎంచుకోండి. యుంగ్‌ఫ్రాయోక్, 3,454 మీటర్లు, పాసు ఉన్నా పై భాగానికి బాగా వదులుతుంది. బీపీ ఉన్న పెద్దవాళ్ళతో వెళితే రీగి కొండ మేలు. 1871లో యూరప్‌లో తొలి పళ్ళ పట్టా కొండ రైలు అక్కడే నడిచింది, పాసులో కలిసే ఉంది.

పాసుల దగ్గర బుర్ర పాడుచేసుకోకండి. రోజూ తిరిగేవాళ్ళకు స్విస్ ట్రావెల్ పాస్: రైళ్ళు, బస్సులు, పడవలు, ఊళ్ళో ట్రాములు, మ్యూజియంలు అన్నీ కలిపి. మకాం వేసి అప్పుడప్పుడు కదిలేవాళ్ళకు హాఫ్ ఫేర్ కార్డు. పదహారు నిండని పిల్లలు తల్లిదండ్రులతో వెళితే ఫ్యామిలీ కార్డు ఉచితం, అది అడిగి తీసుకోవాలి.

అంతా బంగారమని చెప్పను. ఖర్చు గట్టిగానే ఉంటుంది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ నిలబడి వెళ్ళాల్సిరావచ్చు. 2010లో ఆర్డరిచ్చిన రెండంతస్తుల రైళ్ళు ఏళ్ళ ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక వణుకుతున్నాయని జనం గొణిగారు. జర్మనీ నుంచి బాగా ఆలస్యంగా వచ్చే రైళ్ళను కొన్నిసార్లు బాసెల్‌లోనే ఆపి వెనక్కి పంపేస్తారు, లోపలి వేళలు చెడగొట్టనివ్వరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పిల్లల దగ్గర ఉండి వచ్చే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. పడమటి ప్రాంతంలో మరమ్మతుల వల్ల వేళలు తప్పుతుంటే, 2024 డిసెంబరులో ప్రయాణ సమయాలనే కాస్త పెంచి రాశారు. దాచుకోకుండా కాగితం మీద పెట్టడం కూడా పనితనమే అంటాను.

మనకు ఆ దేశపు రైల్వేతో బంధుత్వం లేకపోలేదు. ఊటీ కొండ రైలు పళ్ళ పట్టా రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు పద్ధతి, దాని పాత ఆవిరి ఇంజన్లు వింటర్‌టూర్‌లో చేసినవి. 1990లలో ఏబీబీ అనే స్విస్-స్వీడిష్ కంపెనీ నుంచి మనకొచ్చిన కరెంటు ఇంజన్ల సంతతే నేడు కాజీపేట, విజయవాడల మీదుగా ఎక్స్‌ప్రెస్‌లు లాగుతున్న డబ్ల్యూఏపీ-7. ఇంజన్లు తెచ్చుకున్నాం, ఆ టైంటేబుల్ పద్ధతి ఇంకా తెచ్చుకోలేదు.

వెళ్ళదలచినవారికి ఆఖరి మాట. కొత్త టైంటేబుల్ ఏటా డిసెంబరు మధ్యలో ఒక ఆదివారం అమల్లోకి వస్తుంది. వేసవి యాత్రకు నిమిషాల లెక్క అది వచ్చాకే రాసుకోండి. లోపలి మామూలు రైళ్ళకు రిజర్వేషన్ కోసం ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.